కాటను దొర జీవితము

గోదావరి మండలమున ఏ గ్రామమునకు పోయినను కూడలియొద్దనో, కాలువగట్టునో, ఒక ఆంగ్లేయుని విగ్రహము కానవచ్చును. కొన్నిచోట్ల ఆ దొర గుఱ్ఱముపై నుండును. కొన్నిచోట్ల చేత నకాసు పట్టుకొని నిలిచియుండును. ఆయన వర్ధంతి నాడును జయంతి నాడును రైతులు పూలమాలలు వేయుదురు. గోదావరీస్నానము చేయునపుడు సంకల్పములో ఆయన పేరు తలచుకొను వాడుక సయితము కొందఱలో కలదు. స్వరాజ్యము కొఱకు ఆంగ్లప్రభుత్వముతో పోరాడిన ఆంధ్రజాతి, ఆ ప్రభుత్వమునకు ముందు ఈ దేశమును కబళించిన కుంపిణీ సైన్యమున ఉద్యోగి యైన యొక పరదేశీయుని ఇట్లు పూజించుట యేమని కొందఱు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానిని తోసివేయుట మా యుద్దేశము కాదు. సర్ ఆర్థర్ కాటను జీవితమును మొదటినుండి తుదిదాక చూచినచో దానికి సమాధానము దొరకునని మా విశ్వాసము. ఆ సమాధానములో మనకు గర్వకారణమగునది కొంత కలదు, సిగ్గు కలిగించునదియు కొంత కలదు.

ఆర్థర్ థామస్ కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటను. ఆర్థరు ఆయనకు పదవ కుమారుడు. ఆ కుటుంబము సైనికులకును పండితులకును పుట్టినిల్లు. భరతపూరు కోటను పట్టిన కాంబర్మియరు ప్రభువు వీరి జ్ఞాతి. అన్నదమ్ములలో సిడ్నీ కాటను సేనానియై 1857వ సంవత్సరపు తిరుగుబాటునాడు పెషావరులో నుండెను. మఱియొకడు నౌకాసేనాధిపతి యయ్యెను. ఇంకొకడు ఆక్స్ఫర్డు విద్యాలయమున ఉన్నతపదవుల నధిష్ఠించెను. ఫ్రెడరిక్ కాటను ఆర్థరు వలెనే మదరాసు ఇంజనీరుల దళమున చేరెను. ఇంత పెద్ద కుటుంబమున, ఇంతమంది కీర్తిమంతుల నడుమ పెరిగిన బాలుడు, చిన్ననాటినుండి మాటలకన్న పనిని ప్రేమించువాడుగా పేరుపొందెను.

పదునైదేండ్ల ప్రాయమున నాతడు ఆడిస్కోంబులోని కుంపిణీ వారి సైనికపాఠశాలలో చేరి, 1819లో మదరాసు ఇంజనీరుల దళమునకు ఎన్నుకొనబడెను. కొంతకాలము వేల్సు దేశమున భూమి కొలతల పని నేర్చుకొని 1821లో ఓడనెక్కి మదరాసు చేరెను. ఆనాటికి కుంపిణీవారి ఇంజనీరనగా సగము సిపాయి, సగము మేస్త్రీ. శాంతికాలమున చెఱువులు, రోడ్లు, బారకాసులు చూచుచు, యుద్ధము వచ్చినపుడు సైన్యముతో నడచి కందకములు త్రవ్వి, కోటగోడల క్రింద మందుగుండు పెట్టుట వారి విధి. కాటను ఆ రెండును చేసెను. మొదట దక్షిణమున కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి, తంజావూరు ప్రాంతముల చెఱువుల శాఖలో సహాయుడుగా తిరిగెను. పాంబను కాలువ లోతు కొలిచి, సింహళమునకును భారతదేశమునకును నడుమ నోడలు పోవుటకు దారి తీయవచ్చునా యని పరీక్షించెను.

1824లో కుంపిణీకిని బర్మారాజునకును యుద్ధము పొసగెను. కాటను ఆ యుద్ధమునకు పోయెను. బర్మావారు దట్టమైన దుంగలతో కట్టిన కోటలను, కంచెకట్టలను ముట్టడించునపుడు సైనికులకు ముందు నిలిచి దారి చూపు దళములతో ఆయన నడచెను. ఆ యుద్ధమున తుపాకిగుండ్లకన్న జ్వరములును అతిసారమును ఎక్కువమందిని పొట్టనబెట్టుకొన్నవి. 1826లో యాండబో సంధితో యుద్ధము ముగిసెను. కాటను ప్రాణములతో తిరిగివచ్చెను గాని ఆరోగ్యము చెడెను. ఆ యువకుని కన్నులు అంత చిన్నవయస్సుననే చాల చావులు చూచినవి. మన దేశపు పన్నుల సొమ్ముతో, మన సిపాయిల రక్తముతో, పొరుగుదేశముపై చేసిన ఆ యుద్ధమును మేము పొగడము. కాని ఆ యుద్ధమునుండి బయటపడిన ఈ మనుష్యుడు తన మిగిలిన డెబ్బదిమూడేండ్లను ఏ పనికి వినియోగించెనో చూడవలసియున్నది.

1828 ప్రాంతమున కావేరీ నీటిపారుదల పని ఆయన చేతికి వచ్చెను. తంజావూరు డెల్టా అప్పటికి క్షీణించుచుండెను. తిరుచినాపల్లి యొద్ద కావేరి రెండుగా చీలి, ఒక పాయ కొళ్ళిడమను పేరుతో సముద్రమునకు పోవుచున్నది. ఏటేట కావేరిపాయలో ఇసుకమేట వేసి నీరంతయు కొళ్ళిడమునకే మఱలుటచే పొలములు ఎండుచుండెను. కాటను ఆ నదిని సంవత్సరములతరబడి పరీక్షించి, 1836లో కొళ్ళిడముపై రెండు ఆనకట్టలు కట్టించెను. ఎగువ ఆనకట్టచే తంజావూరు బ్రదికెను. తరువాతి కాలమున కొన్ని దిద్దుబాట్లు చేయవలసివచ్చినను, ఆ సీమ రైతులు ఆయన పేరు నేటికిని మఱవలేదు.

అచ్చటనే ఆయనకు గురువు దొరకెను. ఆ గురువు ఇంగ్లండువాడు కాడు. కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధి కెక్కిన కల్లణై యను ప్రాచీనపు కట్టయే ఆ గురువు. ఆనాటి ఐరోపా ఇంజనీరులకు ఇసుకపై పెద్దకట్టడము కట్టుట ఊహకందని విషయము. ఱాయి తగులువఱకు త్రవ్వవలెను, లేనిచో మానులు దిగగొట్టవలెను అని వారి శాస్త్రము. మన పూర్వులో, ఇసుకలో పెద్దపెద్ద బండలను పడవేసి, అవి తమంతట తాము దిగి, ఇంక దిగలేని లోతున నిలిచినపిమ్మట దానిపై కట్ట లేపిరి. ఆ కట్ట ఎన్నో శతాబ్దముల వరదలను తట్టుకొని నిలిచియున్నది. కాటను దానిని చూచి ఆశ్చర్యపడి, ఆ రహస్యమును గ్రహించి, అది హిందూదేశపు పనివారినుండి నేర్చితినని ఎల్లరయెదుట ఒప్పుకొనెను. పాలించువాడు పాలితునియొద్ద శిష్యుడగుట ఆ కాలమున అరుదు. కాటను గొప్పతనములో మొదటి మెట్టిదియే యని మా యభిప్రాయము.

ఆరోగ్యము మరల దెబ్బతినుటచే ఆయన సెలవుపై టాస్మేనియా ద్వీపమునకు పోయెను. అచ్చట 1841 అక్టోబరులో ఎలిజబెత్ లియర్మంతు అను కన్యను వివాహమాడెను. మఱుసటి సంవత్సరము వారికి కుమార్తె పుట్టెను. ఆ బిడ్డకును తల్లి పేరే పెట్టిరి. తరువాత నొక కుమారుడు కలిగెను. ముప్పదియెనిమిదేండ్లు వచ్చువఱకు గుడారములలోను, నదీతీరములలోను ఒంటరిగా గడిపిన మనుష్యునకు ఈ సంసారము కొత్త ప్రాణము పోసెను. భార్యాబిడ్డలతో ఆయన మరల మదరాసు రాజధానికి వచ్చెను. ఆరోగ్యమునకై విశాఖపట్టణమున నుంచిన కొలదికాలమున గూడ ఊరకుండక, ఊరిని కోసివేయుచున్న సముద్రమునకు అడ్డుగా రాతికట్టలు వేయించెను.

అప్పుడు గోదావరి సీమ యెట్లుండెనో నేటి డెల్టారైతులు తెలిసికొనవలెను. పచ్చని చేలు, కొబ్బరితోటలు, చెఱకుతోటలు చూచి పెరిగినవారికి ఆ కథ నమ్మదగినదిగా తోపదు. పశ్చిమకనుమలలో పుట్టి తొమ్మిదివందల మైళ్ళు ప్రవహించిన మహానది కన్నులయెదుటనే సముద్రములో పడుచుండగా, దాని గట్టుననే జనము దాహముతోను ఆకలితోను చచ్చుచుండిరి. వరద వచ్చిన యేడు ఊళ్ళు కొట్టుకొనిపోయెడివి. వాన రానియేడు పైరు మాడెడిది. 1832–33లో నందన కరువు వచ్చెను. గుంటూరు మండలమున అయిదులక్షల జనములో సుమారు రెండులక్షలమంది ఆ కరువునకు బలియైరని లెక్క. 1839 నవంబరులో తుపాను వచ్చి ఉప్పెన పొంగి కోరంగి రేవును నాశనము చేసెను. రాజమహేంద్రవరపు మండలమున 1821లో ఏడులక్షల ముప్పదియెనిమిదివేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి అయిదులక్షల అఱువదియొకవేలకు పడిపోయెను. ఇరువదియేండ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకడు లేకుండపోయెను. కొందఱు చచ్చిరి, కొందఱు మూటముల్లె కట్టుకొని దేశాంతరము పోయిరి.

కుంపిణీవారికి ఇది పూర్వము తెలియనిది కాదు. 1790 ప్రాంతముననే మైకేల్ టాపింగ్ అను ఇంజనీరు కృష్ణా గోదావరుల నీటిని కాలువలకు మఱల్చవచ్చునని సూచించెను. ఆయన 1796లో మచిలీపట్టణమున మరణించెను, ఆయన సూచన అర్ధశతాబ్దము కాగితములలో నిద్రించెను. కుంపిణీవారు మేల్కొనినది ప్రజలు చచ్చినందుకు కాదు, శిస్తు పడిపోయినందుకు. 1843లో మాంట్‌గోమరీ దొరను విచారణకు పంపిరి. ఆయన మండలపు దుస్థితిని చూచి, నదికి కట్ట కట్టుట తప్ప వేఱుమార్గము లేదని వ్రాసెను. ఆ పని పరిశీలించుటకు కాటను నియమింపబడెను.

1844లోను 1845లోను కాటను గోదావరిగట్లవెంబడి తిరిగి, నీటిమట్టములు కొలిచి, వివరమైన నివేదికలు పంపెను. పాపికొండలు దాటి మైదానమున ప్రవేశించిన గోదావరి, ధవళేశ్వరముయొద్ద మిక్కిలి వెడల్పై లంకలచే నాలుగుపాయలుగా చీలుచున్నది. ధవళేశ్వరపు పాయ, ర్యాలి పాయ, మద్దూరు పాయ, విజ్జేశ్వరపు పాయ అనునవి ఆ నాలుగు. నడుమ పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక కలవు. ఇచ్చట నది లోతు తక్కువ, వేగము తక్కువ. లంకలు సహాయపడును. ప్రక్కనే ధవళేశ్వరపు కొండలో ఱాయి సమృద్ధిగా నున్నది. నాలుగుపాయలకును అడ్డముగా పండ్రెండడుగుల యెత్తున, మొత్తము సుమారు 12,000 అడుగుల పొడవున ఆనకట్ట కట్టి, మూడుచోట్ల తలుపులు పెట్టి, తూర్పుడెల్టాకు ధవళేశ్వరమునుండియు, కోనసీమకు బొబ్బర్లంకనుండియు, పశ్చిమడెల్టాకు విజ్జేశ్వరమునుండియు కాలువలు తీయవలెనని ఆయన యోచన. ఆనకట్టకు నాలుగులక్షల డెబ్బదియైదువేల రూపాయలకు పైచిలుకు అంచనా వేసెను. చివరకు వ్యయము దానిని మించెను. 1846లో లండనులోని కుంపిణీ డైరెక్టరులు అంగీకరించిరి. 1847లో పని ఆరంభమయ్యెను.

ఆయన అడిగినంతమంది ఇంజనీరులను ప్రభుత్వము ఇయ్యలేదు. పనివారిని మాత్రము గోదావరి సీమ ఇచ్చెను. పదివేలమంది కూలీలు, అయిదువందలమంది వడ్రంగులు, అయిదువందలమంది కమ్మరులు కూడిరి. కొండ ఱాళ్ళు పగులగొట్టి ఇనుపపట్టాలమీదను పడవలమీదను తెచ్చి నదిలో వేసిరి. ఇసుకలో బావులు దింపి వాటిని ఱాతితో నింపి, వాటిపై గోడలు లేపి, దిగువప్రక్క ఱాళ్ళు దట్టముగా పఱచిరి. ఈ జనసమూహమును కూర్చి, కూలి చెల్లించి, తగవులు తీర్చి, తెలుగువారికిని దొరలకును నడుమ వారధియై నిలిచినవాడు వీణం వీరన్నగారు. కాటనుకు కుడిభుజమనదగిన ఆ తెలుగు ఉద్యోగికి ప్రభుత్వము పిమ్మట రాయబహద్దరు బిరుదము నిచ్చెను. కాటను విగ్రహమునకు పూలమాల వేయువారిలో ఎందఱు వీరన్నగారిని తలంతురో మాకు సందేహము. ఎండలో ఇసుకలో పనిచేసి, జ్వరములతో ప్రాణములు వదలిన కూలీల పేర్లు ఏ పుస్తకమునను లేవు. ఆ కట్టకు కూలి చెల్లినది మన శిస్తుసొమ్మునుండియే. ఆనకట్ట యొకని దానము కాదు. ఒకని బుద్ధియు, వేలమంది చెమటయు, ఒక దేశపు ధనమును కలిసి నిలిపిన కట్ట అది.

వేసవిలో కట్టినదానిని వానకాలపు వరద పరీక్షించెడిది. నీరు ఆగినచోట క్రింద ఇసుక కరగెడిది, గండి పడెడిది, మఱుసటియేడు మరల కట్టవలసివచ్చెడిది. కాటను ధవళేశ్వరముననే సంసారముంచి, పగలెల్ల నదిలో నిలిచి పని చూచెడివాడు. సాయంకాలము ఇల్లు చేరిన తండ్రి, ఉద్యోగపు చికాకులు గడపబయట విడిచి, బిడ్డలతో ఆడిపాడెడివాడని ఆయనను గుఱించి చెప్పినవారందఱు ఏకగ్రీవముగా తెలిపియున్నారు. భార్య ఆ తీరముననే జ్వరములను, ఎండను, ఒంటరితనమును భర్తతో సమానముగా భరించెను. ఎండదెబ్బకును శ్రమకును ఆయన శరీరము తాళలేకపోయెను. 1848లో ఓర్ అను దొరకు పని అప్పగించి ఆస్ట్రేలియా ప్రాంతమునకు సెలవుపై పోవలసివచ్చెను. 1850లో తిరిగివచ్చి మరల పని చేబట్టెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. అప్పటికి ఆయన వయస్సు నలువదితొమ్మిదేండ్లు.

కాలువలు లేని కట్ట దండుగ. అందుచే కట్టతోపాటే కాలువలు, వంతెనలు, పడవలకు లాకులు సాగినవి. కోనసీమలో వైనతేయపాయను దాటించి నీటిని ఆవలి లంకకు పంపుటకు, గన్నవరముయొద్ద నలువదితొమ్మిది ఖానాల అక్విడక్టును హేగ్ అను యువకుడు 1851–52లో కట్టించెను. ఇటీవల దాని ప్రక్కనే క్రొత్తది కట్టువఱకు, దాదాపు నూటయేబదియేండ్లు ఆ నిర్మాణము నదిమీద నదిని మోసెను. అదే కాలమున బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్ట కట్టవలెనని కాటను పట్టుపట్టెను. ధవళేశ్వరమున పని నేర్చిన ఓర్ దొరయే దానిని 1852లో ఆరంభించి 1855లో ముగించెను. కరువులకును వలసలకును నిలయమైన సీమ ముప్పదియేండ్లలో అన్నపూర్ణ యయ్యెను. 1876–78లో ధాత కరువు దక్షిణదేశమును దహించి లక్షలమందిని చంపినపుడు, గోదావరీ కృష్ణా డెల్టాలు తాము తిని, ఇతరులకు బియ్యము పంపగలిగినవి. నందన కరువున ఎముకలగూడైన నేల, ధాత కరువునకు ధాన్యపుకొట్టు అయ్యెను. దీనికంటె గట్టి సాక్ష్యము కాటనుకు అక్కఱలేదు.

1860లో ఉద్యోగము విరమించి ఇంగ్లండునకు పోయెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. అచ్చటినుండి ఆయన రెండవ యుద్ధము మొదలయ్యెను. ఇది బర్మా యుద్ధముకంటె దీర్ఘమైనది, ఇందులో ఆయన గెలువలేదు. ప్రభుత్వము రైలుమార్గములకు కోట్లు క్రుమ్మరించుచు, రైలు కంపెనీలకు నష్టము వచ్చినను మన పన్నులనుండి వడ్డీ పూచీపడుచు, నీటికాలువలకు మాత్రము చేయి ముడిచెను. హిందూదేశమునకు మొదట కావలసినది నీరనియు, కాలువలే పొలము తడుపును, సరకులు మోయును, కరువు నాపుననియు కాటను నలువదియేండ్లు వాదించెను. పుస్తకములు వ్రాసెను, సభలలో మాటలాడెను, మంత్రులను వేధించెను. మహాకరువు పిమ్మట 1878లో పార్లమెంటు సంఘము విచారణ జరిపినపుడు, డెబ్బదియైదేండ్ల వృద్ధుడు వారి యెదుట నిలిచి తన వాదమును వినిపించెను. ఆ సంఘము ఆయన బృహత్ప్రణాళికను త్రోసిపుచ్చెను. తరువాత రమేశచంద్ర దత్తుగారు లెక్కకట్టి చూపినదేమనగా, పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి ప్రభుత్వము రైళ్ళపై సుమారు 22 కోట్ల 60 లక్షల పౌనులు, నీటిపారుదలపై సుమారు 2 కోట్ల 40 లక్షల పౌనులు మాత్రమే వెచ్చించెను. ఒకదానికి తొమ్మిదింతలు రెండవది. ఆ లెక్కలో ఎన్ని కరువులు, ఎన్ని శవములు దాగియున్నవో పాఠకులే ఊహింతురు గాక.

ఇట్లనుటచే కాటను చెప్పినదెల్ల వేదమని మేమనము. పక్షపాతము చరిత్రకు పనికిరాదు. తుంగభద్రయందు సుంకేసులనుండి కర్నూలు కడపలకు కాలువ త్రవ్వుటకు ఆయన ప్రోత్సాహముతో పుట్టిన మదరాసు ఇరిగేషను కంపెనీ పదిలక్షల పౌనుల మూలధనముతో ఆరంభించి దివాలాస్థితికి వచ్చెను. 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. నల్లరేగడి నేలలో మెట్టపంటలకు అలవాటుపడిన రైతు అడిగినంతనే కాలువనీటికి వచ్చునని కాటను తలంచుట పొరపాటు. గోదావరి యెగువన దుమ్ముగూడెముయొద్ద కట్టలు, లాకులు కట్టి మధ్యపరగణాలవఱకు పొగపడవలు నడపవలెనను యత్నమును 1871లో విడిచిపెట్టిరి. ధవళేశ్వరమున ఫలించినది ప్రతిచోటను ఫలించునని ఆయన నమ్మిక. డెల్టా వేఱు, కొండసీమ వేఱు. అంతేకాక, ఆయన ఆంగ్లసామ్రాజ్యమునకు విరోధి కాడు. ఈ దేశపు ప్రత్తిని మాంచెస్టరు మిల్లులకు చౌకగా చేర్చుట గూడ ఆయన వాదములలో నొకటి. ప్రజ బ్రదికిన ప్రభుత్వమునకు శిస్తు వచ్చుననియే ఆయన అధికారులకు నచ్చజెప్పవలసివచ్చెను. అట్టి ప్రభుత్వమునకు అట్టి భాషయే తెలియును.

అయినను ఆయనకును తక్కిన దొరలకును భేదము కలదు. వారు కరువును దైవికమనిరి. ఈయన కరువును మనుష్యుని నేరమనెను. వారు జనసంఖ్య నెక్కువనిరి. ఈయన నీటిని వృథాపుచ్చుచున్నామనెను. వారు హిందూదేశపు పనివానిని మూఢుడనిరి. ఈయన వాని కట్టక్రింద కూర్చుండి పాఠము నేర్చెను. ఆనాటి ప్రభుత్వపు నీతిని ఖండించుటకు మన దేశనాయకులకు కావలసిన ఆయుధములను, తనకు తెలిసియో తెలియకయో, ఆ ప్రభుత్వపు సేనానియే అందిచ్చెను.

వార్ధకమున ఆయన భార్యతో డార్కింగు అను చిన్న పట్టణమున స్థిరపడెను. సేనాధిపతి హోదా వచ్చినను ఆయన పొద్దు తోటలోనే గడచెడిది. నేలను లోతుగా త్రవ్విన గోధుమ ఎంత పండునో మడులలో వేసి చూచెడివాడు. అరబ్బీ భాష నేర్చి, దానిని సులభముగా నేర్పుటకు చిన్న పుస్తకము కూర్చెను. కుమార్తె ఎలిజబెత్ పెండ్లియై హోప్ ప్రభ్వి యయ్యెను. ఆ ఊరిలో కూలివాండ్రను త్రాగుడునుండి మరల్చుటకు కాఫీశాలలు నెలకొల్పిన ఆమె ప్రయత్నములకు తండ్రి తోడునీడయై నిలిచెను. తొంబదియేండ్లు దాటినను ఆయనకు గోదావరి ధ్యానము పోలేదు. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల వయస్సున, డార్కింగులోనే కన్ను మూసెను. మఱుసటి సంవత్సరము కుమార్తె తండ్రిచరిత్రను పెద్దగ్రంథముగా ప్రకటించెను. మనకు ఈనాడు తెలిసిన కాటను చాలవఱకు ఆ కూతురు తీర్చి చూపిన కాటనే. తండ్రి ప్రేమను పొందిన బిడ్డ తిరిగి చెల్లించిన ఋణమది. ఇల్లాలిని, బిడ్డలను ప్రేమింపలేనివాడు ఊరిబిడ్డల ఆకలిని తెలిసికొనలేడు. ఆయన సంసారపు మంచితనమును ఆయన కట్టిన కట్టనుండి వేఱుచేసి చూచుట మాకు సాధ్యము కాకున్నది.

కాటను కట్టిన ఆనకట్ట నూటయిరువదియేండ్లకు పైగా నది నాపెను. కాలము చెల్లినపిమ్మట దాని స్థానమున తలుపులుగల క్రొత్త బరాజు 1982లో సిద్ధమై ఆయన పేరనే వెలసెను. బెజవాడ ఆనకట్ట 1952లో తెగగా, 1957 నాటికి ప్రకాశము బరాజు దాని స్థానము నాక్రమించెను. స్వతంత్రభారతమున తెలుగు ఇంజనీరులు ఆ రెంటిని నిలిపినారు. నేడు గోదావరి డెల్టాలో సుమారు పదిలక్షల ఎకరములు ఆ నీటితో పండుచున్నవి. ధవళేశ్వరమున ఆయన పేర ప్రదర్శనశాల గూడ కలదు.

ఇంక మొదటి ప్రశ్నకు వత్తము. పరదేశీయుని పూజింపవచ్చునా? కృతజ్ఞతకు జాతి లేదు. మేలు చేసిన శత్రువును మెచ్చుకొనలేని జాతి స్వరాజ్యమునకు అర్హము కాదు. కాని విగ్రహములు పెట్టి, కాలువలు పూడ్చువారి పూజ కాటనుకు చేరదు. మురుగుకాలువలను ఆక్రమించి చెఱువులు త్రవ్వుట, గట్లు తవ్వి ఇసుక తరలించుట, చివరిరైతుకు నీరందకుండ ఎగువన దొంగతూములు పెట్టుట, పట్టణపు మలినమంతయు పంటకాలువలోనికి వదలుట, ఇవి డెల్టాలో కన్నులకు కానవచ్చుచున్న పనులు. 1986లో గోదావరికి సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు మించిన వరద వచ్చి గట్లు తెగినపుడు, కాటను నాటి గట్లను మనమెంత శ్రద్ధగా కాపాడితిమో నది మనకు తెలియజెప్పెను. ఆయనకు జయంతి జరుపునాడు గ్రామములో ఒక కాలువ పూడిక తీసినచో అదియే నిజమైన పూలమాల. వీరన్నగారి పేరును, పేరులేని ఆ కూలీల జ్ఞాపకమును ఆ విగ్రహముల ప్రక్క నిలుపుట మన విధి.

మఱియొక్క మాట. డెల్టారైతు కాటను ప్రసాదమున కడుపునిండ తినుచుండగా, ఎగువనున్న మెట్టరైతు నేటికిని మబ్బువంక చూచుచున్నాడు. నీరు లేక ఎవ్వరును చావరాదనుటయే కాటను జీవితసారమైనచో, నీటిని కలిగినవాడు లేనివానితో పంచుకొనుటకు వెనుదీయరాదు. పరాయివాడొకడు మన నదిని మన పొలములకు మఱల్చెను. దానిని పొదుపుగా వాడుకొని, న్యాయముగా పంచుకొని, ముందుతరమునకు చెడకుండ అప్పగించు భారము మనది.